రాజధాని లేఖ: స్త్రీ వంతు, సర్కారు వంతు

రొమ్ము క్యాన్సర్‌ను ముందే పసిగట్టేందుకు స్త్రీలకు స్వయం పరీక్ష నేర్పితే చాలునా? ఢిల్లీలో ఆరోగ్య వ్యవహారాలు గమనించే నాకు చాలదనే తోస్తున్నది. షాంఘై జౌళి మిల్లులలో 2,66,064 మంది స్త్రీలను ఎంచి, సగం మందికి ఈ పరీక్ష నేర్పి చూశారు. మరణాలు తగ్గలేదని 2002లో తేలింది. ముంబయిలో 1998 నుంచి శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలే రెండేళ్ళకొకమారు చేతితో పరీక్షించారు. అన్ని వయసులవారినీ కలిపి చూస్తే ఫలితం నిర్ధారణ కాకున్నా, 50 ఏళ్ళు, ఆపైబడినవారిలో ఈ వ్యాధి మరణాలు సుమారు 30 శాతం తగ్గాయని 2021లో వెల్లడయింది. 30 నుంచి 65 ఏళ్ళ స్త్రీలకు అయిదేళ్ళకొకమారు ఇట్టి పరీక్ష జరపాలని కేంద్రం 2016లో మార్గదర్శకాలిచ్చింది.

గడ్డ తగిలితే దాచక చెప్పడం స్త్రీ వంతు. ఆమె గడప వద్దకు కార్యకర్తను పంపడం, ఆపై వైద్యం సమకూర్చడం ప్రభుత్వం వంతు. మొదటిది నేర్పి రెండవది మరచిన సర్కారు, తన బాధ్యతను ఆమె చేతిలో పెట్టి తప్పుకొన్నట్లే.