ఆటోక్లేవు: ఆవిరి చేయు శుద్ధి

ఇడ్లీపాత్ర మూత తీయునప్పుడు ఒక్కసారియైనను చేయి కాల్చుకొనని వారుండరు. అదే చేతిని 100 డిగ్రీల సెంటిగ్రేడు వేడిగాలిలో క్షణకాలముంచినచో అంతటి బాధ కలుగదు. వేడిమి సమానమే, బాధ వేరు. ఈ భేదమునకు కారణము తెలిసినచో, సూక్ష్మజీవుల పరిశోధనాలయములలో ఆటోక్లేవు అను పాత్రకు గల ప్రాధాన్యము సగము తెలిసినట్లే.

ఒక గ్రాము నీరు ఒక డిగ్రీ చల్లబడునప్పుడు విడుచునది ఒక్క కాలరీ వేడి మాత్రమే. కాని 100 డిగ్రీల ఆవిరి అదే వేడిమిలో నీరుగా మారునప్పుడు గ్రామునకు సుమారు 540 కాలరీలు విడుచును. ఆవిరి చల్లని వస్తువును తాకినంతనే ద్రవించి, తాను దాచుకొన్న గుప్తోష్ణమును అక్కడనే ధారవోయును. తడిలో మాంసకృత్తులు త్వరగా గడ్డకట్టుటయు దీనికి తోడగును. అందుచేతనే పొడి వేడితో గాజుసామగ్రిని శుద్ధిచేయుటకు 160 డిగ్రీలలో 2 గంటలు పట్టగా, ఆటోక్లేవులోని ఆవిరికి 121 డిగ్రీలలో 15 నిమిషములు చాలును.

నీటిని ఊరక మరిగించిన చాలదా యని శ్రోతలు అడుగవచ్చును. చాలదు. కొన్ని సూక్ష్మజీవులు గట్టి కవచము గల సిద్ధబీజములుగా మారి, మరుగునీటిలో సైతము బ్రతికియుండును. గడ్డికషాయములో పెరుగు బాసిల్లస్ విషయమున దీనిని 1876లో ఫెర్డినాండ్ కోన్ వెల్లడించెను. పారిస్‌లో పాశ్చర్ సహచరుడైన చార్లెస్ చాంబర్లాండ్ 1879లో ఆటోక్లేవును నిర్మించి ఈ చిక్కును విడదీసెను. మూత బిగించిన పాత్రలో ఆవిరి పీడనము బయటి గాలి పీడనముకంటె చదరపు అంగుళమునకు 15 పౌనులు హెచ్చినచో, వేడిమి 121 డిగ్రీలకు చేరును. ఎముకలను మెత్తబరచుటకై డెనిస్ పాపిన్ 1679లో లండన్‌లో ప్రదర్శించిన పాత్రయే దీనికి మూలము. మన వంటింటి ప్రెషర్ కుక్కరునకును తాత అదియే.

ఇక పీడనమాపకమును చూచి మోసపోవుట యొకటి కలదు. ఒక పరిశోధనాలయమున నేను చూచినదే చెప్పుచున్నాను. ఒక విద్యార్థిని మూడు వారములుగా సిద్ధపరచిన పోషకద్రవములన్నియు మరల మరల చెడిపోవుచుండెను. ముల్లు 15 పౌనులనే చూపినదని ఆమె వాదము. అక్కడి వృద్ధ అటెండరు అంతయు విని, "గాలి పూర్తిగా పోయినాకనే కవాటం మూసినారా, అమ్మా?" అని మాత్రము అడిగెను. ఆమె యొద్ద సమాధానము లేకపోయెను.

మాపకము ఆవిరిని గాలిని వేరుపరుపజాలదు. రెండింటి పీడనమును కలిపి చూపును. లోపల సగము గాలి మిగిలినచో, ముల్లు 15 వద్దనే నిలిచినను వేడిమి 112 డిగ్రీలు దాటదు. కావున ఆవిరి ధార ఎడతెగక వెలువడు వరకు కవాటమును తెరచియుంచవలెను. గాలి ఆవిరికంటె బరువైనది. నిలువుగా నుంచిన ఖాళీ పాత్రల అడుగున అది చిక్కుకొనును. వానిని పక్కకు పరుండబెట్టవలెను; సామగ్రిని కిక్కిరియ నింపరాదు.

ద్రవములున్న సీసాల మూతలు వదులుగా నుండవలెను. లీటరు ద్రవపు నడిమి భాగము చిన్న పరీక్షనాళికవలె త్వరగా వేడెక్కదు గనుక దానికి హెచ్చు కాలమీయవలెను. పని ముగిసినంతనే తొందరపడి ఆవిరిని విడుచుట మరియు ప్రమాదము. పీడనము తటాలున పడిపోగా సీసాలలోని ద్రవము పొంగి పైకి చిమ్మును. ముల్లు తనంతట సున్నకు దిగు వరకు మూత ముట్టరాదు.

సామగ్రికి అంటించు సూచక పట్టీ నల్లబడుట వేడి తగిలినదనియే చెప్పును. సూక్ష్మజీవులు చచ్చినవని చెప్పదు. నిజమైన పరీక్షకు జియోబాసిల్లస్ స్టియరోథర్మోఫిలస్ అను వేడికోర్వగల జీవి సిద్ధబీజములను సామగ్రి నడుమ నుంచి, పిదప 55 మొదలు 60 డిగ్రీల వెచ్చదనమున పెంచిచూతురు. అవి మొలకెత్తినచో శుద్ధి జరుగలేదన్నమాట.

రక్తరసము, పెక్కు ఆంటీబయాటిక్కులు ఈ వేడికి ఓర్వజాలవు. వానిని సూక్ష్మరంధ్రములు గల వడపోతలగుండ పంపుదురు. సూక్ష్మజీవులను వడగట్టు పింగాణీ సాధనమును 1884లో రూపొందించినవాడును ఆ చాంబర్లాండే.