లోపం లేని పెంపకం ఉంటుందా?

పి.గన్నవరంలో అక్విడక్టుకు ఇటైనా అటైనా... కొబ్బరాకు దొరికితే చాలు, పిల్లలు బూర చుట్టేస్తారు, చేతి గడియారం అల్లేస్తారు. మొదటి బూర మోగదు. ఇంకో ఆకు తీస్తారు! ఈ ఓపికే అమ్మానాన్నలయ్యాక మనకు కరవవుతుంది. పిల్లాడికి మార్కులు తగ్గితే 'నా పెంపకంలోనే లోపం' అని కుమిలిపోతాం.

ఆ బాధ అక్కర్లేదన్నారు బ్రిటన్‌కు చెందిన పిల్లల వైద్యుడు, మానసిక విశ్లేషకుడు డొనాల్డ్ వినికాట్. ఏ లోపమూ లేని తల్లి అక్కర్లేదు, 'సరిపడినంత మంచి తల్లి' చాలని 1953లో రాశారాయన. పసికందు ఏడవగానే తల్లి పరుగెత్తుకొస్తుంది. బిడ్డ పెరిగేకొద్దీ కాస్త ఆలస్యమవుతుంది. ఆ చిన్న చిన్న లోటులతోనే బిడ్డ ఓర్చుకోవడం, సర్దుకోవడం నేర్చుకుంటుందట. పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన మన చలం కూడా 'బిడ్డల శిక్షణ'లో పెద్దల పెత్తనాన్నే ప్రశ్నించారు.

కాబట్టి రకరకాలుగా ప్రయత్నించి చూడండి. ఎక్కాలు బట్టీ పట్టలేకపోతుంటే రెండేసి, మూడేసి కొబ్బరికాయలు పోగులు పెట్టించి లెక్కపెట్టించండి. అన్నకు కుదిరిన పద్ధతి చెల్లికి కుదరకపోవచ్చు... మార్చేయండి. విసుగులో అరిచేశారా? 'పొరపాటైందిరా నాన్నా' అనండి. పెద్దరికమేమీ తగ్గదు. తప్పు చేస్తే ఒప్పుకోవచ్చని పిల్లలకూ తెలుస్తుంది. రేపు వాళ్లు తమ తప్పును మీ దగ్గర దాచరు.

ఒక్కమాట... కాలవలో ఈత, జ్వరానికి మందు... వీటిలో మాత్రం ప్రయోగాలొద్దు!