మీట లేని పిస్టల్: అపోహలు – వాస్తవాలు

తెలుగు సినిమాలో హీరో పిస్టల్ తీసి బొటనవేలితో ‘టక్’మనిపించాకే కాలుస్తాడు. సేఫ్టీ అంటే మన కంటికి అలవాటైంది ఆ చప్పుడే. కానీ చాలా దేశాల్లో పోలీసుల నడుముకు వేలాడే పిస్టళ్లకు అలాంటి మీటే ఉండదు. వాటి మీద భయాలూ ఎక్కువే, గుడ్డి నమ్మకాలూ ఎక్కువే. రెండూ ప్రాణాంతకమే.

అపోహ: బయట సేఫ్టీ మీట లేకపోతే పిస్టల్‌కు సేఫ్టీ లేనట్టే.

వాస్తవం: మీటను కావాలనే తీసేయించిన పోలీసులున్నారు. 1972లో మ్యూనిక్ ఒలింపిక్స్‌పై జరిగిన ఉగ్రదాడి తర్వాత, తమ దగ్గరున్న 7.65 మిల్లీమీటర్ల చిన్న పిస్టళ్లు చాలవని పశ్చిమ జర్మనీ పోలీసు శాఖలు తేల్చుకున్నాయి. కొత్త పిస్టల్ 9 మిల్లీమీటర్లది కావాలి, బరువు కిలో దాటకూడదు, బయటకు తీయగానే ఏ మీటా జరపకుండా కాల్చగలగాలి. ఈ షరతులకు నిలిచినవి మూడు: వాల్తర్ పీ5, సిగ్ సావర్ పీ6, హెక్లర్ అండ్ కాక్ పీ7. మొదటి రెండింటిలో హ్యామర్‌ను, అంటే తూటాను పేల్చే సుత్తిని, క్షేమంగా దించే ఏర్పాటు ఉంటుంది. దించాక మొదటి తూటాకు ట్రిగ్గర్‌ను దూరంగా, బలంగా లాగాలి. పొరపాటున వేలు తగిలినంత మాత్రాన పేలదు.

పీ7 దారి వేరు. పిడి ముందు భాగమంతా లోపలికి నొక్కుకునే పట్టీ. దాన్ని అదమడానికి దాదాపు 7 కిలోల బలం కావాలి, అదిమి ఉంచడానికి కిలో కూడా అక్కర్లేదు. అదమగానే పిస్టల్ కాల్చడానికి సిద్ధమై, స్లైడ్ (పైన ముందుకూ వెనక్కూ జరిగే భాగం) వెనక ఫైరింగ్ పిన్ (తూటాను పొడిచే సూది) కొన బయటికి పొడుచుకొస్తుంది. చీకట్లో బొటనవేలితో తడిమినా తెలుస్తుంది. పట్టు వదిలారా, టక్కున చప్పుడై పిన్ లోపలికి పోతుంది. పెనుగులాటలో పిస్టల్ చేయి జారితే, నేలను తాకేలోపే పేలని స్థితికి వచ్చేస్తుంది. సేఫ్టీని వేలికి కాక పట్టుకే అప్పజెప్పిన ఈ ఆలోచన నాకు ఎంతో ఇష్టం.

అపోహ: గ్లాక్ పిస్టల్‌లో మూడు సేఫ్టీలున్నాయి, పొరపాటున పేలే ప్రశ్నే లేదు.

వాస్తవం: రక్తం కళ్లజూసిన అపోహ ఇది. 1982లో ఆస్ట్రియా సైన్యం తీసుకున్న గ్లాక్ 17లో మూడు సేఫ్టీలున్న మాట నిజం. ట్రిగ్గర్ మధ్యలో సన్నటి నాలుక ఒకటి, ఫైరింగ్ పిన్‌కు అడ్డుపడే చిన్న గుబ్బ ఇంకొకటి, కింద పడితే పేలకుండా ఆపేది మూడోది. మూడూ ట్రిగ్గర్ నొక్కగానే వరుసగా తొలగిపోతాయి. అంటే పిస్టల్ కింద పడినా, దెబ్బ తగిలినా అవి కాపాడతాయి. వేలి నుంచి కాపాడలేవు. చొక్కా అంచు, హోల్‌స్టర్‌లో మడతపడిన పట్టీ, జాకెట్ తాడు ఏది ట్రిగ్గర్‌ను లాగినా ఆ నాలుకను కూడా కలిపే లాగుతుంది.

వాషింగ్టన్ నగర పోలీసులు 1980ల చివర్లో రివాల్వర్లు వదిలి గ్లాక్‌కు మారారు. ఆ తర్వాత దశాబ్దంలో 120కి పైగా సార్లు పిస్టళ్లు అనుకోకుండా పేలాయని 1998లో వాషింగ్టన్ పోస్ట్ బయటపెట్టింది. పోలీసు కాల్పులపై ఆ పత్రిక రాసిన ఆ కథనాలకు మరుసటి ఏడాది పులిట్జర్ బహుమతి వచ్చింది. అక్కడ బయటపడిన అసలు లోపం శిక్షణలో ఉంది. రివాల్వర్ బరువైన ట్రిగ్గర్‌కు అలవాటుపడ్డ వేలు, దాదాపు రెండున్నర కిలోల ట్రిగ్గర్ మీద అదే అలవాటుతో వాలింది.

ఇది అజాగ్రత్త ఒక్కటే కాదు, ఒంటి తీరు కూడా. శరీరధర్మ శాస్త్రవేత్త రోజర్ ఎనోకా మూడు సందర్భాలు చెప్పాడు: ఉలిక్కిపడినప్పుడు, కాలు జారి తూలినప్పుడు, రెండో చేత్తో దేన్నయినా గట్టిగా పట్టుకున్నప్పుడు పిస్టల్ ఉన్న చేతి వేళ్లు కూడా తమంతట తామే ముడుచుకుంటాయి. ఒక చేత్తో నిందితుడి కాలర్ పట్టుకుని, మరో చేత్తో పిస్టల్ పట్టుకున్న కానిస్టేబుల్‌ను ఊహించుకోండి. అందుకే న్యూయార్క్ పోలీసులు 1990లలో గ్లాక్ తీసుకున్నప్పుడు ట్రిగ్గర్‌ను సుమారు ఐదున్నర కిలోలకు బిగించి మరీ తీసుకున్నారు. బిగువు పెరిగిన కొద్దీ గురి తప్పే ప్రమాదమూ పెరుగుతుంది. భద్రత, గురి రెండూ కలిసి రావు.

కింద పడితే పేలదన్న హామీని కూడా కాగితం మీద చూసి నమ్మకూడదు. సిగ్ సావర్ కంపెనీ పీ320 పిస్టళ్లు కొన్ని ఒక కోణంలో పడితే పేలుతున్నట్టు పరీక్షల్లో తేలాక, 2017 ఆగస్టులో ఆ కంపెనీ వాటిని ఉచితంగా మార్చి ఇస్తామని ప్రకటించాల్సి వచ్చింది.

అపోహ: శుభ్రం చేస్తుంటే దానంతట అదే పేలింది.

వాస్తవం: మన పత్రికల్లోనూ ఈ వాక్యం తరచూ కనిపిస్తుంది. గ్లాక్‌ను విప్పాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కి తీరాలి. మ్యాగజైన్ తీయకుండా స్లైడ్ లాగితే ఛాంబర్‌లో (తూటా పేలే గదిలో) ఉన్న తూటా బయటపడి, దాని చోట్లోకి ఇంకొకటి ఎక్కుతుంది. తర్వాత మ్యాగజైన్ తీసేసి, ఖాళీ అయిందనుకుని ట్రిగ్గర్ నొక్కుతారు. ముందు మ్యాగజైన్, తర్వాత స్లైడ్, ఆపైన ఛాంబర్‌ను కంటితో చూసి చిటికెనవేలితో తడమడం: ఈ వరుస తిరగబడకూడదు. ట్రిగ్గర్ ముట్టకుండా విప్పే పిస్టళ్లూ ఉన్నాయి, పీ7 వాటిలో ఒకటి. కొనుగోలు చేసేవాళ్లు ఈ సంగతి తప్పక అడగాలి.

అపోహ: అయితే పీ7 పద్ధతే అన్నిటికన్నా మేలు.

వాస్తవం: భయపడిన మనిషి మొదట చేసే పని పిడిని బిగించి పట్టుకోవడం. పట్టీ అణిగిపోయాక మిగిలింది తేలికైన ట్రిగ్గరే, వేలు దాని మీద ఉంటే పీ7 కూడా ఏమీ చేయలేదు. పైగా వరసగా కాలిస్తే ట్రిగ్గర్ పై భాగం వేడెక్కేది, తర్వాతి రకానికి వేడి తగలకుండా అడ్డు పెట్టారు. మ్యాగజైన్‌లో 8 తూటాలే, తయారీ ఖర్చు ఎక్కువ. 2008తో ఉత్పత్తి ఆగిపోయింది.

అపోహ: గ్లాక్ ప్లాస్టిక్‌ది, ఎయిర్‌పోర్టు స్కానర్‌కు దొరకదు.

వాస్తవం: 1990 నాటి ‘డై హార్డ్ 2’ సినిమాలోని డైలాగ్ మరింత వ్యాపింపజేసిన పుకారు. పిడి, ఫ్రేమ్ ప్లాస్టిక్‌వి; స్లైడ్, బ్యారెల్ ఉక్కువి. శుభ్రంగా దొరుకుతుంది.

అపోహ: బొటనవేలి సేఫ్టీకి కాలం చెల్లింది.

వాస్తవం: 2017లో అమెరికా సైన్యం ఎంచుకున్న ఎం17 పిస్టల్‌కు ఆ మీట ఉంది. ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ తయారుచేసిన మన 9 ఎంఎం 1ఏ పిస్టల్ బ్రౌనింగ్ హై పవర్‌కు నకలు, దానికీ ఉంది. ఎవరైనా పిస్టల్ లాక్కుంటే, మీట వెతుక్కునే ఆ క్షణం పోలీసు ప్రాణం నిలపొచ్చు. కాకపోతే ఒక చిక్కు ఉంది. హై పవర్‌లో మీటను కిందికి నొక్కితే కాల్చడానికి సిద్ధం, బెరెట్టా 92ఎఫ్‌ఎస్‌లో పైకి నెట్టాలి. ఒకే దళంలో ఈ రెండు రకాలూ కలిపి ఇస్తే, ఏళ్ల తరబడి కిందికి నొక్కిన బొటనవేలు అవసరం వేళ కూడా కిందికే నొక్కుతుంది. బెరెట్టా చేతిలో ఉంటే అది పేలకుండా బిగుసుకుపోతుంది.