ఆలస్యం అమృతం విషం: ఆన్‌లైన్ ఆటలో ల్యాగ్‌ను తగ్గించుకోవడం ఎలా?

మనలో చాలామందికి ఒకే ఊళ్లో బడి మొదలుపెట్టి అక్కడే ముగించే అవకాశం ఉండదు. ఇంట్లో బదిలీ ఉత్తర్వు వస్తుంది. ట్రంకు పెట్టెలు లారీ ఎక్కుతాయి. టీసీ తీసుకుని మరో రాష్ట్రంలో మరో తరగతి గదిలో కూర్చుంటాం. పాత స్నేహితుల్లో ఒకరు జోధ్‌పూర్‌లో, ఒకరు తేజ్‌పూర్‌లో, ఒకరు విశాఖపట్నంలో ఉంటారు. వాళ్లందరితో కలిసి ఆడుకోవడానికి మనకు మిగిలే మైదానం, ఆదివారం సాయంత్రం ఒక గంట ఆన్‌లైన్ ఆట.

ఆ గంటలో ఒకరి బొమ్మ ఉన్నచోటే నిలబడిపోయి, కాసేపటికి ఎక్కడో తేలితే ఆట చెడిపోతుంది. రెండు మూడు వారాలు ఇలాగే జరిగితే "వాడుంటే ఓడిపోతాం" అని ఆ స్నేహితుణ్ణి జట్టులోంచి తప్పిస్తారు. అందుకే ల్యాగ్ ఎక్కడ పుడుతుందో, అందులో మన చేతిలో ఉన్నది ఎంతో కొత్తగా ఆడేవారికి అర్థమయ్యేలా చెప్పాలని మేము ఈ వ్యాసం రాస్తున్నాం.

వేగం వేరు, ఆలస్యం వేరు

ల్యాగ్ రాగానే చాలామంది ఇంట్లో అడిగే మొదటి మాట, "పెద్ద ప్లాన్ వేయించండి" అని. 50 ఎంబీపీఎస్ ప్లాన్‌ను 200 ఎంబీపీఎస్ చేస్తే సినిమా త్వరగా డౌన్‌లోడ్ అవుతుంది. ఆటలో ల్యాగ్ మాత్రం చాలాసార్లు అలాగే ఉంటుంది. కారణం సులువైనదే. రైలుకు బోగీలు పెంచితే ఒకేసారి ఎక్కువమంది ప్రయాణం చేస్తారు గానీ, రైలు ముందుగా చేరదు. ఎంబీపీఎస్ అనేది బోగీల లెక్క. ఆటకు కావలసింది ప్రయాణ సమయం. ఆటలో మనం పంపేది "ముందుకు నడిచాను", "కుడికి తిరిగాను" వంటి చిన్న చిన్న సమాచారాలే. వాటికి ఒక బోగీ చాలు, అది వేళకు చేరితే చాలు.

మన సమాచారం సర్వరుకు చేరి, జవాబు తిరిగి రావడానికి పట్టే సమయాన్ని పింగ్ అంటారు. దీన్ని మిల్లీసెకన్లలో, అంటే సెకనులో వెయ్యో వంతుల్లో కొలుస్తారు. మైక్ మూస్ అనే అమెరికన్ 1983 డిసెంబరులో ఈ సమయాన్ని కొలిచే చిన్న ప్రోగ్రాం రాసి, దానికి పింగ్ అని పేరు పెట్టాడు. జలాంతర్గాముల సోనార్ చేసే శబ్దం నుంచి ఆ పేరు వచ్చింది. శబ్దాన్ని పంపడం, ప్రతిధ్వని కోసం ఎదురుచూడడం, పట్టిన సమయాన్ని బట్టి దూరం లెక్కగట్టడం సోనార్ పని. నౌకాదళ కుటుంబాల పిల్లలకు ఇది కొత్త కాదు.

ఆటకు పింగ్ 50 మిల్లీసెకన్ల లోపు ఉంటే హాయిగా ఉంటుంది. 100 దాటితే వేగంగా సాగే ఆటల్లో తేడా తెలుస్తుంది. సెకనుకు 60 చిత్రాలు చూపించే తెర మీద 100 మిల్లీసెకన్లు అంటే 6 చిత్రాలు వెనకబడడం. చదరంగంలో అది లెక్కలోకి రాదు, పరుగు పందెంలో వస్తుంది.

పింగ్‌తో పాటు మరో రెండు విషయాలు చూడాలి. పింగ్ ఒకసారి 30, మరుక్షణం 180, మళ్లీ 40 అని ఊగుతూ ఉంటే దాన్ని జిట్టర్ అంటారు. ఎప్పుడూ 90 ఉండే కనెక్షన్‌కు మన చెయ్యి అలవాటు పడుతుంది. ఊగే కనెక్షన్‌కు అలవాటు పడలేం. రెండోది ప్యాకెట్ లాస్. అంటే పంపిన సమాచారంలో కొంత దారిలోనే పోవడం. ఇది 2 శాతం ఉన్నా ఆట తడబడుతుంది.

బొమ్మ వెనక్కి ఎందుకు ఎగురుతుంది?

1996లో క్వేక్ అనే ఆట వచ్చింది. ఒకే గదిలో కలిపిన కంప్యూటర్ల మీద బాగానే నడిచేది. టెలిఫోన్ మోడెమ్ మీద ఆడేవారు మాత్రం మీట నొక్కాక బొమ్మ కదిలేవరకు ఆగాల్సి వచ్చేది. అదే ఏడాది చివర్లో జాన్ కార్మాక్ క్వేక్‌వరల్డ్ అనే కొత్త రూపంలో దీనికి ఒక ఉపాయం తెచ్చాడు. సర్వరు జవాబు కోసం చూడకుండా మన కంప్యూటరే మన బొమ్మను వెంటనే కదిలిస్తుంది. సర్వరు జవాబు వచ్చాక తేడా ఉంటే దిద్దుకుంటుంది. నేటి ఆటల్లో చాలావరకు ఈ పద్ధతే.

జవాబు వేళకు వస్తే ఆ దిద్దుబాటు మన కంటికి ఆనదు. ఆలస్యమైతే రబ్బరు బ్యాండుతో లాగినట్టు బొమ్మ వెనక్కి ఎగురుతుంది. కాబట్టి అది కనిపిస్తే సమస్య దారిలో ఉందని గుర్తు. బొమ్మ వెనక్కి ఎగరకుండా మొత్తం తెరే ముక్కలు ముక్కలుగా కదులుతూ, ఫోను వేడెక్కుతుంటే అది ఇంటర్నెట్ సమస్య కాదు. ఫోను శక్తి చాలడం లేదు. ఆట సెట్టింగుల్లో గ్రాఫిక్స్ తగ్గించి, వెనక తెరిచి ఉన్న యాప్‌లు మూసి, ఛార్జింగ్ తీసి ఆడితే అది సర్దుకుంటుంది.

మొదట కొలవాలి

ఆడలేక మద్దెల ఓడు అనడం సులువే. కాబట్టి ల్యాగ్ అనే ముందు కొలిచి చూద్దాం. కంప్యూటర్‌లో అయితే ఇలా చేయాలి.

1. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఐపీకాన్ఫిగ్ అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టాలి. డిఫాల్ట్ గేట్‌వే ఎదురుగా ఒక సంఖ్య కనిపిస్తుంది. అది మన రౌటర్ చిరునామా. చాలా ఇళ్లలో 192.168.1.1 లేదా 192.168.0.1 అని ఉంటుంది.

2. పింగ్ అని ఇంగ్లిష్‌లో కొట్టి, ఒక ఖాళీ వదిలి, ఆ చిరునామా రాయాలి. రౌటర్ ఇంట్లోనే ఉంది కాబట్టి జవాబు 1 నుంచి 5 మిల్లీసెకన్లలో రావాలి.

3. తరువాత అదే విధంగా 8.8.8.8 కు పింగ్ చేయాలి. ఇది గూగుల్ నడిపే సర్వీసు చిరునామా. ఇక్కడ వచ్చే సంఖ్య ఇల్లు దాటిన దారి సంగతి చెబుతుంది.

రౌటర్ దగ్గరే 40, 100 అని ఊగుతుంటే తప్పు ఇంట్లోని వైఫైది. రౌటర్ వరకు బాగుండి ఆ తరువాత ఊగుతుంటే తప్పు బయటి లైనుది, లేదా ఇంట్లో ఎవరో లైను నిండా వాడుతున్నారు. రెండూ బాగుండి ఆటలో మాత్రమే పింగ్ ఎక్కువగా ఉంటే సర్వరు దూరంగా ఉందని అర్థం. ఫోనులో ఆడేవారికి చాలా ఆటలు పింగ్‌ను తెర మూలలోనే చూపిస్తాయి. రౌటర్ పక్కన నిలబడి ఒకసారి, ఎప్పుడూ ఆడే చోట ఒకసారి చూస్తే తేడా తెలిసిపోతుంది.

ఇంట్లో చేయగలిగినవి

వైఫై తప్పయితే అన్నిటికన్నా మంచి మందు ల్యాన్ కేబుల్. రౌటర్ నుంచి కంప్యూటర్‌కు వైరు కలిపితే గోడలు, పక్కింటి వైఫైలు అడ్డం రావు. జిట్టర్ చాలావరకు పోతుంది.

వైరు కుదరకపోతే రౌటర్ ఉన్న చోటు చూడండి. పాత క్వార్టర్లలో గోడలు మందంగా ఉంటాయి. ఇనుప బీరువా వెనక, వరసగా పేర్చిన ట్రంకు పెట్టెల మధ్య రౌటర్ పెడితే సిగ్నల్ అక్కడే ఆగిపోతుంది. ఎత్తులో, ఇంటి మధ్యలో, ఖాళీగా ఉన్న చోట పెట్టాలి. రౌటర్‌లో రెండు పేర్లు కనిపిస్తే సాధారణంగా ఒకటి 2.4 గిగాహెర్ట్జ్, మరొకటి 5 గిగాహెర్ట్జ్. ఒకే గదిలో ఉంటే 5 మంచిది. రెండు గోడల అవతల ఉంటే 2.4 కే ఎక్కువ చేరుతుంది. అయితే మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేదీ దాదాపు 2.4 గిగాహెర్ట్జ్ మీదే. వంటింట్లో అది తిరుగుతున్నంతసేపు పక్క గదిలో పింగ్ ఎగిరితే ఆశ్చర్యపడనక్కర్లేదు.

తరువాతి కారణం ఇంట్లో రద్దీ. రైల్వే గేటు దగ్గర పది లారీల వెనక ఒక స్కూటరు ఆగిందనుకుందాం. స్కూటరు చిన్నదే, వెళ్లాల్సిన దూరమూ కొంచెమే. అయినా లారీలన్నీ కదిలేవరకు ఆగాల్సిందే. అక్క ఫోనులోని ఫొటోలు క్లౌడ్‌లోకి ఎక్కుతున్నప్పుడు, కంప్యూటర్ అప్‌డేట్ దిగుతున్నప్పుడు మన ఆట సమాచారం ఆ స్కూటరు లాంటిదే. ముఖ్యంగా అప్‌లోడ్ జరుగుతుంటే పింగ్ ఒక్కసారిగా వందల్లోకి పోవచ్చు. ఆట మొదలుపెట్టే ముందు అప్‌డేట్లు ఆపడం, ఫొటోల బ్యాకప్‌ను రాత్రికి మార్చుకోవడం ఖర్చు లేని పరిష్కారాలు. కొన్ని రౌటర్లలో క్యూఓఎస్ అనే సెట్టింగు ఉంటుంది. అది స్కూటరుకు ముందు దారి ఇస్తుంది. ఇంట్లో పెద్దల అనుమతితోనే అందులో మార్పులు చేయాలి. అమ్మగారి ఆఫీసు మీటింగు నడుస్తుంటే మాత్రం ఆటే ఆగాలి.

మొబైల్ డేటాతో ఆడేవారు కిటికీ దగ్గర కూర్చుని, సిగ్నల్ గీతలు చూసుకోవాలి. ఫోను హాట్‌స్పాట్‌ను వైఫైతో కాకుండా యూఎస్‌బీ వైరుతో కంప్యూటర్‌కు కలిపితే ఒక గాలి దారి తగ్గుతుంది. "ఒక్క నొక్కుతో పింగ్ సున్నా" అని చెప్పే యాప్‌లను నమ్మవద్దు. పింగ్ సున్నా కావడం సాధ్యం కాదు. ఎందుకో చూద్దాం.

దూరాన్ని ఎవరూ తగ్గించలేరు

ఫైబర్ కేబుల్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే 1000 కిలోమీటర్ల దూరానికి వెళ్లి రావడానికి కనీసం 10 మిల్లీసెకన్లు. తేజ్‌పూర్ నుంచి ముంబై నేరుగా లెక్కేసినా 2000 కిలోమీటర్లు దాటుతుంది. కాబట్టి ముంబైలోని సర్వరుకు అక్కడి విద్యార్థి పింగ్ ఎంత మంచి రౌటర్ కొన్నా 20 కంటే తగ్గదు. పైగా కేబుల్ నేరుగా పోదు. రోడ్ల వెంట, పట్టాల వెంట మలుపులు తిరుగుతూ, దారిలో ఎన్నో పరికరాల్లో ఆగుతూ పోతుంది. ఒక్కోసారి ఒకే ఊళ్లోని రెండు వేర్వేరు కంపెనీల కనెక్షన్ల మధ్య సమాచారం కూడా మరో నగరం దాకా వెళ్లి తిరిగి వస్తుంది. దేశంలోని సమాచారం దేశం దాటకుండా ఒకరి నుంచి ఒకరికి అందడం కోసమే 2003లో నిక్సీ అనే సంస్థను స్థాపించారు.

ఉపగ్రహం మీద ఆధారపడితే లెక్క ఇంకా పెరుగుతుంది. భూస్థిర ఉపగ్రహం 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. మన సమాచారం పైకి, కిందికి, జవాబు మళ్లీ పైకి, కిందికి. ఈ నాలుగు ప్రయాణాలకే దాదాపు అర సెకను. అండమాన్ నికోబార్ దీవులు చాలాకాలం ప్రధానంగా ఉపగ్రహం మీదే ఆధారపడ్డాయి. 2020 ఆగస్టులో చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కూ ఇతర దీవులకూ సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ ప్రారంభమైంది. 2024 జనవరిలో కొచ్చి నుంచి లక్షద్వీప్‌కూ అలాంటి కేబుల్ అందింది. దీవుల్లోని ఇంటర్నెట్‌కు వేగంతో పాటు ఆలస్యం తగ్గే దారి కూడా ఆ కేబుళ్లతోనే వచ్చింది. ఇప్పటికీ ఉపగ్రహం తప్ప దారి లేని పోస్టింగులు ఉన్నాయి. అక్కడి పిల్లల పింగ్ 600 ఉంటే అది వాళ్ల తప్పు కాదు.

జట్టు కోసం సర్వరును ఎంచుకోవడం

దూరాన్ని తగ్గించలేకపోయినా దాన్ని సమంగా పంచుకోవచ్చు. ఆట సెట్టింగుల్లో రీజియన్ అన్నచోట ముంబై, సింగపూర్ వంటి పేర్లు ఉంటే, ఒక్కొక్కరి పింగ్ ఎంత వస్తోందో అడిగి రాసుకోండి. నలుగురిలో ఒకరికి 15, మిగతా ముగ్గురికి 120 వచ్చే సర్వరు కంటే, అందరికీ 60 వచ్చేది జట్టుకు మేలు.

మైన్‌క్రాఫ్ట్ వంటి ఆటల్లో ఒకరు తమ ప్రపంచాన్ని తెరిస్తే మిగతావాళ్లు అందులో చేరవచ్చు. అప్పుడు ఆ ఒక్కరి ఇల్లే సర్వరు. అందరి సమాచారం ఆ ఇంటికి వెళ్లి, అక్కడి నుంచి అందరికీ పంచబడుతుంది. ఆ ఇంటి అప్‌లోడ్ బలహీనంగా ఉంటే అందరి ఆటా కుంటుతుంది. కాబట్టి ఎవరి ఫోను కొత్తదని చూడకుండా, ఎవరికి ఫైబర్ కనెక్షన్, ల్యాన్ కేబుల్ ఉన్నాయో, ఎవరి ఇంటికి మిగతావాళ్ల పింగ్ తక్కువో చూసి వారికి ఆ బాధ్యత ఇవ్వాలి.

ఇన్ని చేసినా ఒక స్నేహితుడి పింగ్ తగ్గకపోతే? ఆట మార్చుకోవచ్చు. చదరంగం, క్విజ్, మాటల ఆటలు, ఒకరి తరువాత ఒకరు ఆడే ఆటలు అర సెకను ఆలస్యాన్ని లెక్కచేయవు. వచ్చే ఏడాది బదిలీ అయి ఆ దూరపు పోస్టింగుకు వెళ్లేది మనమే కావచ్చు. జట్టులోంచి ఒకరిని తీసేసే ముందు ఒకసారి పింగ్ కొలవండి, వైరు కలపండి, రీజియన్ మార్చండి. అప్పటికీ కుదరకపోతే చదరంగం బల్ల తెరవండి.