నకలు తీస్తే చాలదు, తిరిగి పెట్టి చూడాలి

మన ఇళ్లలో రేషన్ కార్డు, కుల ధ్రువీకరణ పత్రం, పదో తరగతి మార్కుల మెమో ట్రంకుపెట్టె అడుగున ఉంటాయి. ఒక్క కాగితం పోతే ఎన్ని ఆఫీసులు తిరగాలో మనకు తెలుసు. నేడు మన మార్కులు, స్కాలర్‌షిప్పుల వివరాలు కంప్యూటర్ డేటాబేసుల్లోకి చేరాయి. వాటిని కాపాడే పద్ధతి గురించి, మన హాస్టల్ నుంచి వెళ్లి పి.జి.లో కంప్యూటర్లు చదువుతున్న మేము నాలుగు మాటలు చెప్పదలచాం.

రిలేషనల్ డేటాబేస్ అంటే ఒకదానితో ఒకటి ముడిపడిన పట్టికలు. విద్యార్థుల పట్టికలోని అడ్మిషన్ నంబరే హాజరు పట్టికలోనూ ఉంటుంది. ఆ నంబరు పట్టుకొని రెండూ కలిపి చదువుతాం. హాజరు పట్టిక బాగా పెరిగిపోతే దాన్ని సంవత్సరాల వారీగా విడగొడతారు. ఈ భాగాలనే పార్టిషన్లు అంటారు. మన హాస్టల్లో ఏడాదికొక రిజిస్టరు పెట్టినట్టే. పైకి 'హాజరు' అన్న ఒకే పేరు కనిపించినా, ఆ తల్లి పట్టికలో ఒక్క వరుస కూడా ఉండదు. సమాచారమంతా పిల్ల పట్టికల్లోనే ఉంటుంది.

చిక్కు ఇక్కడే వస్తుంది. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో 'పీజీ డంప్' ద్వారా నకలు, అంటే బ్యాకప్ తీస్తారు. మొత్తం డేటాబేస్‌ను తీస్తే తల్లీ పిల్లలూ అన్నీ వస్తాయి. తల్లి పట్టిక పేరు ఒక్కటే చెబితే మాత్రం ఖాళీ చట్రం వస్తుంది. తప్పు జరిగిందన్న హెచ్చరిక కూడా రాదు. పిల్ల పట్టికలతో సహా తీయమని చెప్పే సౌకర్యం 2023లో వచ్చిన 16వ వెర్షన్‌లో చేరింది. తిరిగి పెట్టేటప్పుడు ఇంకో జాగ్రత్త అవసరం. 2024 హాజరు వరుసలకు తగిన భాగం లేకపోతే డేటాబేస్ వాటిని తీసుకోదు.

నకలు ఉందనుకొని ధైర్యంగా ఉండటం ఎంత ప్రమాదమో గిట్‌ల్యాబ్ సంస్థ అనుభవం చెబుతుంది. అక్కడ ప్రోగ్రామర్లు తమ పనిని భద్రపరచుకుంటారు. 2017 జనవరి 31న అక్కడి ఇంజనీరు ఒకరు ఒక సర్వర్ అనుకొని మరో సర్వర్‌లో అసలు డేటాబేస్‌నే చెరిపేశారు. నకళ్ల కోసం వెతికితే ఏమీ లేవు. డేటాబేస్ 9.6 వెర్షన్, నకలు తీసే పీజీ డంప్ 9.2 వెర్షన్. అందుచేత అది పని చేయలేదు. ఆ సంగతి తెలిపే మెయిళ్లు కూడా ఎవరికీ చేరలేదు. సుమారు 6 గంటల ముందు వేరే పని కోసం తీసిన ప్రతి ఒకటి ఉండబట్టి గట్టెక్కారు. ఆ మధ్య కాలంలో చేరిన సమాచారం పోయింది.

కాబట్టి మిత్రులారా, నకలును వేరే కంప్యూటర్‌లో పెట్టి చూడాలి. ఒక్కో భాగంలో ఎన్ని వరుసలున్నాయో అసలుతో సరిచూడాలి. పోస్ట్‌గ్రెస్ ఉచితంగా దొరుకుతుంది కనుక మీ కాలేజీ ల్యాబ్‌లోనే ఇది చేసి చూడవచ్చు. రేపు మీలో ఎవరో ఒకరు ఇలాంటి ఉద్యోగంలో కూర్చుంటారు. ఆ లెక్కలో తగ్గిన ఒక్క వరుస, ఎక్కడో ఒక హాస్టల్ విద్యార్థి ఏడాది స్కాలర్‌షిప్పు కావచ్చు.