మీకు తెలుసా?
ఏడుగురు డిప్యూటీలూ పెద్ద కుర్చీ ఎక్కారు!

ఇంగ్లిష్ ఛానల్‌లోని చిన్న దీవి గెర్న్సీలో 1969లో డిప్యూటీ బెయిలిఫ్ పదవి ఏర్పడ్డాక, దాన్ని చేపట్టిన మొదటి ఏడుగురూ తర్వాత బెయిలిఫ్‌లు, అంటే దీవి ప్రధాన న్యాయాధిపతులు అయ్యారు.

తొలి డిప్యూటీ సర్ జాన్ లవరిడ్జ్ 1973లో ఆ స్థానానికి చేరితే, ఏడో డిప్యూటీ సర్ రిచర్డ్ మెక్‌మాన్ 2020లో చేరారు. అదే ఏడాది డిప్యూటీగా వచ్చిన జెస్సికా రోలాండ్ ఆ పదవిలో తొలి మహిళ.

బెయిలిఫ్ రాయల్ కోర్టులో న్యాయమూర్తి, దీవి శాసనసభలో సభాపతి కూడా. ఆయన లేనప్పుడు రెండు చోట్లా డిప్యూటీ కూర్చుంటారు. చిక్కు సరిగ్గా అక్కడే వచ్చింది. 1990లో స్థల వినియోగ ప్రణాళిక సభ ఆమోదం పొందినప్పుడు అధ్యక్షత వహించింది అప్పటి డిప్యూటీ సర్ గ్రాహం డోరీ. ఆయన బెయిలిఫ్ అయ్యాక, 1995లో ఆ ప్రణాళిక కింద అనుమతి దక్కని ఓ పూల రైతు అప్పీలు ఆయన ముందుకే విచారణకు వచ్చింది. పూలు ప్యాక్ చేసే షెడ్డును ఇల్లుగా మార్చుకుని ఉంటున్న ఆ రైతు అడిగింది దానికి అనుమతే. అప్పీలు ఓడిపోయింది.

రైతు స్ట్రాస్‌బర్గ్‌లోని ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం దాకా వెళ్లి, 2000 ఫిబ్రవరిలో గెలిచాడు. డోరీ పక్షపాతం చూపారని కోర్టు అనలేదు. ఆ సభకు అధ్యక్షత వహించడమే ఆయన నిష్పాక్షికతపై సందేహానికి చాలంది. నిజాయితీపరుడైన న్యాయమూర్తికీ వర్తించే సూత్రం కాబట్టే ఈ తీర్పు అంత విలువైనది.

తీర్పు వచ్చాక కూడా సభాపతి పీఠం బెయిలిఫ్ చేతుల్లోనే కొనసాగింది.