మూడు ఫైళ్ళు, ఒక ఇల్లు



సోలాపూర్ నేతపనివారి పేటల్లో, అశోక్ చౌక్ అనండి, సాఖర్ పేట అనండి, చాలాచోట్ల ఇంటికీ కార్ఖానాకూ మధ్య ఒక్క గోడే అడ్డం. కింద మరమగ్గాలు, పైన కాపురం. అలాంటి ఇంటిని తిరిగి కట్టుకోవాలంటే ఇప్పుడు కంప్యూటరు మీదే నమూనా తయారుచేస్తారు. అయితే అది ఒక్కరి పని కాదు. గదులూ గోడలూ ఆర్కిటెక్టు గీస్తాడు. స్తంభాలూ దూలాలూ మరో ఇంజనీరు. మగ్గాలు, మోటార్లు, కరెంటు తీగలు మూడోవారు. ఈ మూడు ఫైళ్ళనూ ఒకటిగా కలపడం గురించే ఈనాటి మాటలు.

అచ్చు అతకడం మీకు తెలియనిది కాదు. అయిపోవచ్చిన పడుగులోని ప్రతి పోగుకూ కొత్త పోగును వరుసగా అతుకుతారు. మొదటి పోగు తప్పితే ఆ తప్పు చివరిదాకా నడుస్తుంది. ఫైళ్ళలో ఆ మొదటి పోగును మూలబిందువు అంటారు. ఈశాన్య మూల స్తంభం నడిమధ్య అనుకోండి. ముగ్గురూ కొలతలు అక్కడి నుంచే మొదలుపెట్టాలి. ఒకరు వీధి మలుపు నుంచి మొదలుపెట్టారో, కలిపిననాడు స్తంభాలు పక్కింటివారి పెరట్లో నిలబడతాయి!

తరువాత కొలమానం. మేస్త్రీ అడుగుల్లో మాట్లాడతాడు, ఇంజనీరు మిల్లీమీటర్లలో గీస్తాడు. 10 అడుగులంటే 3,048 మిల్లీమీటర్లు. ఆ 10ని కంప్యూటరు 10 మిల్లీమీటర్లుగా తీసుకుంటే గది వేలిగోరంత అవుతుంది. ఇది వెంటనే కంటపడుతుంది కనుక పరవాలేదు. కంటపడనిది ఎత్తు. ఒకరు సున్నాను రోడ్డు మట్టం నుంచి, ఇంకొకరు అరుగు మట్టం నుంచి లెక్కిస్తే అడుగో అడుగున్నరో తేడా వస్తుంది. బొమ్మ చక్కగానే కనిపిస్తుంది, మెట్లు మాత్రం పై అంతస్తుకు అందవు.

ఇక కలిపే పద్ధతులు రెండు. ఒక ఫైలును ఇంకొకదానిలో పూర్తిగా నకలు చేసి పెట్టడం ఒకటి. ఫైళ్ళను విడిగానే ఉంచి, ముడి మాత్రం వేయడం రెండోది. దీన్ని ఆటోకాడ్‌లో ఎక్స్‌రెఫ్ అనీ, రెవిట్‌లో లింక్ అనీ అంటారు. నకలు తీసిన నాటితో ఆగిపోతుంది. లింకు అలా కాదు, అసలు ఫైలు మారితే మళ్ళీ తెరిచినప్పుడు కలిపినదీ మారుతుంది. సోలాపూర్ పక్కన కుంభారిలోని రాయ్‌నగర్‌లో నేత, బీడీ కార్మికులు మొదలైనవారి కోసం కట్టిన 15,000 ఇళ్ళను 2024 జనవరి 19న అప్పగించారు. అంతటి కాలనీకి నమూనా వేసేటప్పుడు ఇంటిని ఒక్కసారి గీసి లింకుగా పెట్టుకోవడమే తెలివైన పని. కిటికీ ఒకచోట జరిపితే అన్ని ఇళ్ళలోనూ జరుగుతుంది. పని సాగినంతకాలం లింకే మేలని నా అభిప్రాయం. ముగ్గురివీ వేర్వేరు సాఫ్ట్‌వేర్లయితే ఐ.ఎఫ్.సి. అనే ఉమ్మడి రూపంలోకి మార్చి ఇచ్చిపుచ్చుకుంటారు.

ఇంత శ్రమ ఎందుకంటారా? సోలాపూర్ చద్దరు పువ్వంతా జకార్డు మీద ఉంది. ఆ జకార్డు మగ్గం నెత్తిన ఎత్తుగా కూర్చుంటుంది. విడివిడిగా చూస్తే మగ్గం ఫైలూ సరే, దూలం ఫైలూ సరే. కలిపి చూస్తేనే దూలం జకార్డులోంచి దూసుకుపోవడం తెలుస్తుంది. ఫైలులో దూలాన్ని జరిపి, లెక్క మళ్ళీ వేసుకోవచ్చు. స్లాబు పడ్డాక దూలాన్ని కొట్టేయలేరు. జకార్డునే దించుకోవాలి. అప్పు చేసి కట్టిన ఇంట్లో చద్దరు నేత ఆగిపోతుంది.

కనుక నమూనా వేయించేవారు మగ్గం పొడుగూ వెడల్పుతో సరిపెట్టకండి. జకార్డు కొనదాకా ఎత్తు, దానిపైన మనిషి చెయ్యి ఆడేంత జాగా టేపుతో కొలిచి రాసి ఇవ్వండి. పునాది తవ్వకముందే మూడు ఫైళ్ళూ కలిపిన బొమ్మను చూపించమని అడగండి.